నాలుగు బెల్టులు: ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు

ఈ ప్రయాణానికి కారణం ఒక చిన్న ఇనుప బిళ్ల. వారం క్రితం ఆళ్లగడ్డ నుంచి మా మనుమరాలు సౌజన్య ఫోను చేసి, మాటల మధ్యలో, "ఇప్పుడు కారులో ఆ టింగు టింగు చప్పుడు రాదు తాతా, ఆయన ఒక క్లిప్పు కొనుక్కొచ్చి బెల్టు సందులో పెట్టినాడు" అని ఎంతో సంతోషంగా చెప్పింది. సౌజన్యకు అప్పుడు ఏడో నెల నడుస్తోంది. తొలి కాన్పుకు నంద్యాలలోని మా ఇంటికి రావలసి ఉంది. ఆమెను తీసుకురావలసినది ఆ కారే.

నేను ముప్పైనాలుగేళ్లు బస్సు డిపోలో వాహనాల తనిఖీ విభాగంలో పనిచేశాను. బెల్టు పెట్టుకోలేదని వాహనం హెచ్చరిస్తే, బెల్టు పెట్టుకోవాలి గాని ఆ హెచ్చరిక నోరు నొక్కడానికి ఒక బిళ్ల కొనడమేమిటి? ఆ రాత్రి నా తనిఖీ పుస్తకంలో కొత్త పేజీ తెరిచి, "శ్రీకాంత్ కారు" అని శీర్షిక పెట్టి, చూడవలసిన అంశాలను వరుసగా రాసుకున్నాను. శ్రీకాంత్ మా సౌజన్య భర్త. మా కోడలు సుజాత వెళ్లి కూతురిని తీసుకురావలసింది కాని, మెట్ల మీద కాలు బెణికి మంచం దిగలేకపోయింది. "నేను వెళ్తాను. కారు సరిగా ఉంటే కారులో తెస్తాను, లేకపోతే బస్సులో తెస్తాను" అని చెప్పి బయలుదేరాను.

ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు నంద్యాల బస్టాండులో కడప వైపు వెళ్లే బస్సు ఎక్కాను. కిటికీ పక్కన చోటు దొరికింది. శ్రావణమాసపు మబ్బు కమ్ముకుని, ఎడమ చేతి వైపు నల్లమల కొండలు సగం దాకానే కనిపిస్తున్నాయి. పక్కన కూర్చున్నాయన దొర్నిపాడు రైతు. మినప విత్తనాల సంచిని కాళ్ల మధ్య పెట్టుకున్నాడు.

"యాడికి పోతాండావ్ పెద్దాయనా, పొద్దున్నే పుస్తకం పట్టుకోని?" అన్నాడు.

"ఆళ్లగడ్డకు. మనుమరాలిని పుట్టింటికి తీసుకురావడానికి."

"పుస్తకం ఏందీకి? సంతకం పెట్టించుకోని తెచ్చుకుంటావా?"

నవ్వు ఆపుకోలేకపోయాను. అయ్యలూరు మెట్ట దాటగానే జల్లు మొదలైంది. మా ముందు పోతున్న తెల్లకారు వెంటనే నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి టపటప కొట్టడం మొదలుపెట్టింది. వాన రాగానే ఆ ఎర్ర త్రికోణం మీట నొక్కడం నేడు ఒక మర్యాద అయిపోయింది. వాహనం రోడ్డు మీద ఆగిపోయినప్పుడు, వెనక వచ్చేవారిని హెచ్చరించడానికి పెట్టిన దీపాలవి. నడుస్తున్న కారులో వాటిని వెలిగిస్తే అది మలుపు తిరుగుతుందో ఆగుతుందో వెనకవాడికి తెలిసే దారి ఉండదు. ఈ మాటే రైతుతో కొంచెం గట్టిగా చెప్పాను.

"ఆయప్ప ఎడంకు పోతాడో, కుడికి పోతాడో, ఆయప్పకే తెలీదులే. మా ఎద్దులన్నా తోక ఒక దిక్కుకే ఊపుతాయి" అన్నాడాయన.

కాసేపటికి నిజంగానే ఆ కారు ఏ సూచనా లేకుండా ఎడమ వైపు డాబా హోటల్లోకి తిరిగింది. మా బస్సు డ్రైవరు బ్రేకు మీద నిలబడి, చెప్పవలసిన నాలుగు మాటలూ చెప్పాడు. సమయం ఏడు ముప్పైఎనిమిది అని రాసుకున్నాను. శిరివెళ్లలో రైతు దిగిపోతూ, "మనవరాలిని పదిలంగా తెచ్చుకో పెద్దాయనా" అని సంచి భుజానికెత్తుకున్నాడు.

ఎనిమిది ఇరవైకి ఆళ్లగడ్డ చేరాను. బస్టాండు ఎదుట హోటల్లో ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తిని, ఆటోలో శ్రీకాంత్ ఇంటికి బయలుదేరాను. రోడ్డు పొడవునా శిల్పుల షెడ్లు. ఉలి చప్పుడు వినకుండా ఆ వీధిలో పది అడుగులు వేయలేము. నందులు, ఆంజనేయులు, ఇంకా ముఖం తెరవని అమ్మవార్లు వానకు తడుస్తూ వరుసగా నిలబడి ఉంటారు. శ్రీకాంత్ వాళ్ల షెడ్డు ఇంటికి ఆనుకునే ఉంది. తండ్రి పోయాక తల్లి లక్ష్మమ్మ, తను కలిసి నడుపుకుంటున్నారు. పనివాళ్ల హాజరు, రాయి దింపడం, గిరాకీతో మాట్లాడడం లక్ష్మమ్మ వంతు. ఉలి శ్రీకాంత్ వంతు.

"రా పెదనాయనా, రా. కాళ్లు కడుక్కో. నీ కోడలి కాలు ఎట్లుంది?" అని లక్ష్మమ్మ చెంబు అందించింది. సౌజన్య లోపలి నుంచి వచ్చి నా చేతిలోని పుస్తకం చూసి మొగుడి వైపు తిరిగింది.

"నీ పని అయిపోయె. తనిఖీకొచ్చినాడు."

తొమ్మిదిన్నరకు తనిఖీ మొదలుపెట్టాను. కారు కొని ఐదు నెలలే అయింది. యజమాని చదువుకోవలసిన పుస్తకం ముందు అరలో ఇంకా ప్లాస్టిక్ సంచి విప్పకుండా పడి ఉంది. నేనే విప్పాను. డ్రైవరు పక్క సీటు బెల్టు సందులో బిళ్ల ఉంది. లాగి నా చొక్కా జేబులో వేసుకున్నాను. ముందు సీటు ఎదుట, గాలిసంచి, అంటే ఎయిర్‌బ్యాగు, అమర్చిన మూత మీద, శ్రీకాంత్ స్వయంగా చెక్కిన నల్లరాతి ఆంజనేయుడు బంకతో అతికించి ఉన్నాడు. బెత్తెడు విగ్రహం. పనితనం చూసి చేతులు జోడించాలనిపించింది. కాని ప్రమాదంలో ఆ మూత తెరుచుకుని సంచి బయటికి వచ్చే వేగానికి ఆ రాయి ఎటు వస్తుంది?

"దేవుడు కదా తాతా, కాపాడతాడని పెట్టినా" అన్నాడు శ్రీకాంత్.

"కాపాడతాడు. కూర్చోబెట్టిన చోటు తప్పు. ఇంట్లో పూజ గదిలో పెట్టు, అక్కడి నుంచీ కాపాడతాడు." అతను విగ్రహాన్ని ఊడదీసి లోపల పెట్టి వచ్చాడు.

వెనక సీట్లో బెల్టులు కనిపించలేదు. అడిగితే, "కవర్లు కుట్టించినప్పుడు కింద పడిపోయినాయి తాతా, ఎవరూ అడగలేదు" అన్నాడు. కవర్ల కింద చేయి దూర్చి మూడు బెల్టుల కొక్కేలనూ ఒక్కొక్కటిగా పైకి తీయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ముందు సీట్ల పక్కలకు కూడా గాలిసంచులున్నాయని కారు పుస్తకంలో ఉంది. ఆ బిగువైన కవర్లు వాటి దారిని పూర్తిగా కుట్టేశాయి. బ్లేడు తెప్పించి ఆ కుట్లు విప్పించాను. ఇక్కడ ఒక నిజం రాయడం న్యాయం. అన్నేళ్లు ఇతరుల వాహనాలను తనిఖీ చేసిన నేను, మా అబ్బాయి కారులో వెనక కూర్చున్న ఒక్కనాడు కూడా బెల్టు పెట్టుకోలేదు. వెనక కూర్చున్నవాడికి ముందు సీటే అడ్డమని అనుకున్నాను. ముందున్న మనిషి వెన్నుకు నేనే దెబ్బ అవుతానని అనుకోలేదు.

తరువాత దీపాలు. కారును షెడ్డులోకి నడిపించి, రాతి దుమ్ము పట్టి తెల్లబడిన గోడ ఎదుట నిలబెట్టాము. డిమ్ లైటు వెలుగు గోడ మీద ఎదుటి మనిషి కళ్ల ఎత్తున పడుతోంది.

"వెనక బండలు వేసుకొని తిరిగినప్పుడు లైటు సరిగా పడలేదు, అందుకని నేనే పైకి ఎత్తినా. మళ్లీ దించలేదు" అన్నాడు శ్రీకాంత్.

"బరువుంటే ముక్కు లేస్తుంది, లైటును కిందికి దించాలి. నువ్వు పైకి ఎత్తావు" అన్నాను. స్టీరింగు పక్కనే ఉన్న చిన్న చక్రం తిప్పి సరిచేశాము. ఎదుట బండి కనిపించగానే హై బీమ్ తీసేయాలనీ, వానలోనూ పొగమంచులోనూ డిమ్ లైటే దారి చూపుతుందనీ, హై బీమ్ వేస్తే ఆ వెలుగు చినుకుల మీద పడి మన కళ్లలోకే తిరిగి వస్తుందనీ అతనికి చెప్పాను. అతను శిల్పి. వెలుగు రాయి మీద ఎలా పడుతుందో నాకంటే బాగా తెలిసినవాడు. వెంటనే తలూపాడు.

చివరిగా పాటల యంత్రం. అతను మీట తిప్పగానే డిక్కీలోని పెద్ద స్పీకరు ఒక్కసారిగా మోగి, షెడ్డులో పనివాళ్లు ఉలి ఆపి చూశారు. పాట మార్చాలంటే మధ్యనున్న తెర మీద వేలితో వెతుకుతాడట, నడుపుతూనే.

"ఉలి కొడతా కొడతా పక్కకు చూస్తావా?" అని అడిగాను.

"చూస్తే వేలు పోతాది తాతా."

స్టీరింగు మీదే శబ్దం తగ్గించే మీట, పాట మార్చే మీట ఉన్నాయి. ఐదు నెలలుగా వాటిని అతను అలంకారమనుకున్నాడు. బయలుదేరే ముందే పాటల వరుస పెట్టుకోవాలని, వెనక లారీ హారను వినిపించేంత శబ్దమే ఉంచుకోవాలని రాసి, అతని చేత చదివించాను. అతను నొచ్చుకున్నట్లు కనిపించి, "అన్నీ తప్పులేనా తాతా? ఒక్కటన్నా రైటు లేదా?" అన్నాడు.

నాకు అప్పటికే కోపం పొంగుతోంది. షెడ్డు బయట లారీకి ఎక్కించడానికి సిద్ధంగా ఉన్న నందిని చూపించి అడిగాను: "దీన్ని పంపేటప్పుడు ఎన్ని తాళ్లు కడతావు?"

"ఐదు. కింద వరిగడ్డి పరుపు వేరే. కొమ్ము విరిగితే ఆర్నెల్ల పని పోతాది."

"నా మనుమరాలికి ఎన్ని కట్టాలనుకున్నావు?"

అతను లోపలికి పోయి, దుమ్ము చేతులు కడుక్కుని వచ్చి, వెనక సీటు బెల్టులను తానే మూడుసార్లు పెట్టి తీసి చూశాడు. అన్నీ సరిగా పడుతున్నాయి. పుస్తకంలో "కారు: ప్రయాణానికి తగినది" అని రాసి సంతకం చేశాను. బస్సు ఆలోచన మానుకున్నాను. అప్పటికి పదకొండు నలభై.

పన్నెండున్నరకు ఓళిగలు, చిత్రాన్నం, వంకాయ కూరతో భోజనం. ఒకటిన్నర తరువాత మంచి గడియ అన్నారు. ఆ ఇంటి ఆనవాయితీ ఏమిటంటే, కోడలు తొలి కాన్పుకు పుట్టింటికి పోయేటప్పుడు అత్త ఒడి నింపి పంపుతుంది. ఐదు శేర్ల బియ్యం, రెండు ఎండుకొబ్బరి చిప్పలు, పసుపు కొమ్ములు, వక్కలు. కొత్త రవిక గుడ్డలో మూటగట్టి, చీర కొంగుతో నడుముకు బిగించి ముడి వేస్తారు. పుట్టింటి గడప దాటిన తరువాతే ఆ ముడి విప్పాలి. లక్ష్మమ్మ ముడి వేసి, కోడలి బుగ్గలకు పసుపు రాసి, కళ్లు తుడుచుకుంది.

సౌజన్య వచ్చి వెనక సీట్లో కూర్చుంది. బెల్టు కింది పట్టీ పొట్ట మీద కాకుండా పొట్ట కింద, తుంటి ఎముకల మీదుగా పోవాలి. పై పట్టీ భుజం మీద నుంచి పొట్ట పక్కగా దిగాలి. కడుపుతో ఉన్నవారికి అదే పద్ధతి. నేను పట్టీ లాగాను. అది పోవలసిన చోట సరిగ్గా ఒడిబియ్యం కూర్చుని ఉంది. పైనుంచి వేస్తే కొబ్బరి చిప్పలు పొట్టలోకి గుచ్చుకుంటాయి. కింద నుంచి వేయడానికి చోటు లేదు.

నా పుస్తకంలో ఈ అంశం లేదు.

"అమ్మా లక్ష్మమ్మా, ఈ మూట విప్పాలి" అన్నాను.

"విప్పేది ఎట్ల పెదనాయనా? మా అత్త నాకు కట్టింది, బండిలో ముద్దనూరు దాకా పోయినా. నేను ఈ పిల్లకు కట్టినా. గడప దాటకుండా ముడి విప్పితే నా మనసు ఊరుకుంటాదా?"

"అప్పుడు ఎద్దుల బండి. ఇది గంటకు అరవై కిలోమీటర్లు పోతుంది."

"అయితే బెల్టు వద్దు. మెల్లగా పోనీ. ఆ పట్టీ బిడ్డ మీద పడదా, అసలు?"

మెల్లగా పోతే చాలనే మాటను నేను ముప్పైనాలుగేళ్లుగా విన్నాను. ఆ మాట నమ్మిన బస్సులు ఏ స్థితిలో డిపోకు తిరిగి వచ్చేవో కూడా చూశాను. కాని ఆమె భయం నా భయం కంటే తక్కువది కాదు. ఇద్దరమూ ఒకే బిడ్డ కోసం వాదించుకుంటున్నాము. సౌజన్య మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "మీరు తేల్చుకునేలోపల కాన్పు ఈడనే అయిపోతాది" అంది.

అప్పుడు లక్ష్మమ్మ ఒక మంచి ప్రశ్న వేసింది. "ఆ పట్టీ నిజంగానే చిప్పను లోపలికి నొక్కుతాదా? చూపించు."

అవతలి తలుపు తీసి సౌజన్య పక్కన నేను కూర్చున్నాను. ఇంకో కొబ్బరి చిప్పను దిండులో చుట్టి నా ఒడిలో పెట్టుకుని, పైనుంచి బెల్టు వేసుకున్నాను. "దిండుకూ నా పొట్టకూ మధ్య చేయి పెట్టమ్మా" అన్నాను. ఆమె పెట్టింది. పట్టీ బిగువుగా ఉండగా ఒక్కసారి ముందుకు ఒరిగాను. బెల్టు పట్టేసింది.

"అబ్బో!" అని ఆమె చేయి లాక్కుని వేళ్లు విదిలించింది. కొబ్బరి చిప్ప అంచు గుర్తు అరచేతి మీద ఎర్రగా పడింది. ఆ గుర్తును ఆమె చాలాసేపు చూసుకుంది. తరువాత దిండు తీసేసి, పట్టీని నా తుంటి మీదకు తానే జరిపి, "ఇప్పుడు ఒరుగు" అంది. ఒరిగాను. పట్టీ ఎముక మీద ఆగింది, పొట్టను తాకలేదు.

"ఊఁ" అంది. లోపలికి పోయి దేవుడి ఎదుట ఒక నిమిషం నిలబడి వచ్చింది.

"పెదనాయనా, ఈ పిల్ల పుట్టింటోడివి నువ్వు ఈడనే ఉండావు గదా. నంద్యాల గడప కోసం ఎదురుచూసేది ఏందీకి? పట్టు నీ టవలు."

భుజం మీది టవలును రెండు చేతులా పరిచి పట్టుకున్నాను. ఆమె ముడి విప్పి మూటను అందులో పెట్టింది. డెబ్బై మూడేళ్ల వయసులో ఒక ఇంటి గడపగా నిలబడతానని నేను ఎన్నడూ అనుకోలేదు.

"ఇప్పుడు దీన్ని నేల మీద పెట్టగూడదు. డిక్కీలో అసలే గూడదు. మనుషులు కూచునే చోటనే కూచోవల్ల" అని లక్ష్మమ్మ షరతు పెట్టింది. నా ఒడిలో పెట్టుకుంటే నా బెల్టు పడదు. మా ఇద్దరి మధ్య చోటు చాలదు. మిగిలింది ముందు సీటు. శ్రీకాంత్ మూటను అక్కడ కూర్చోబెట్టి, తన బెల్టు పెట్టుకుని, బండి స్టార్టు చేశాడు. వెంటనే టింగు టింగుమని మొదలైంది. సీటు మీద బరువు పడగానే కారు మూటను మనిషి అనుకుంది. శ్రీకాంత్ చేయి అలవాటుగా బిళ్ల కోసం వెతికింది. బిళ్ల నా జేబులో ఉంది. అద్దంలో నా ముఖం చూశాడు. బెల్టు లాగి ఒడిబియ్యానికి పెట్టాడు. చప్పుడు ఆగింది.

"నా కోడలి కంటే ముందు బియ్యమే నేర్చుకుండాది!" అని లక్ష్మమ్మ పగలబడి నవ్వింది. సౌజన్య తన బెల్టును తానే, పొట్ట కిందుగా, సరిగ్గా పెట్టుకుంది. లక్ష్మమ్మ కిటికీలోంచి చేయి పెట్టి ఆ పట్టీని ఒకసారి తడిమి చూసి, "పోయి రాండి" అంది.

రెండు ఇరవై ఐదుకు బయలుదేరాము. శ్రీకాంత్ పాట చిన్నగా పెట్టాడు. మధ్యలో పాట మార్చాలనిపించినప్పుడు స్టీరింగు మీది మీట నొక్కి, చిన్నపిల్లవాడిలా అద్దంలో నా వైపు చూశాడు. శిరివెళ్ల ఇంకా రెండు కిలోమీటర్లుందనగా వాన గట్టిగా పట్టుకుంది. అతని వేలు ఎర్ర త్రికోణం దాకా పోయి, వెనక్కి వచ్చి, డిమ్ లైటు వేసింది. నేను చెప్పవలసిన పని లేకపోయింది.

మరో నిమిషానికి, వాన తెరలో నుంచి, గడ్డి వేసుకున్న ట్రాక్టరు ట్రాలీ ఒకటి ఎదుట ప్రత్యక్షమైంది. వెనక ఎర్రదీపం లేదు. వెలుగు పడితే మెరిసే ఎర్రబిళ్ల కూడా లేదు. పొలం దారిలోకి తిరగడానికి రోడ్డు మీదే ఆగిపోయి ఉంది. అదే సమయంలో వెనక నుంచి లారీ హారను వినిపించింది. పాట చిన్నగా ఉన్నందువల్లనే వినిపించింది. శ్రీకాంత్ పక్కకు తప్పుకోలేదు. అదే వరుసలో ఉండి గట్టిగా బ్రేకు తొక్కాడు. నాలుగు బెల్టులూ ఒక్కసారే పట్టేశాయి. ముందు సీట్లో మూట ముందుకు ఒరిగి, ఆగి, మళ్లీ వెనక్కి ఆనుకుంది. ట్రాలీకి మా కారుకు రెండు బారల దూరం మిగిలింది.

"ఇప్పుడు నొక్కు" అన్నాను.

అతను ఎర్ర త్రికోణం నొక్కాడు. నాలుగు ఇండికేటర్లూ వెలిగాయి. వెనక లారీ చూసి, వేగం తగ్గించి, మా వెనక నెమ్మదిగా ఆగింది. ఆ దీపాలు ఉన్నది ఇందుకు.

సౌజన్య పొట్ట మీద చేయి పెట్టుకుని కదలకుండా కూర్చుంది. పట్టీ తుంటి మీదే ఉందా, జరిగిందా అని చూశాను. ఉంది. కాసేపటికి ఆమె ముఖం విప్పారింది.

"తంతాండాడు తాతా. బ్రేకు కొట్టినందుకు కోపమొచ్చినట్టుండాది."

"నీ పోలికే" అన్నాడు శ్రీకాంత్. ట్రాలీ పొలంలోకి దిగిపోయాక, నాలుగు ఇండికేటర్లు ఆర్పి, మళ్లీ బయలుదేరాడు. శిరివెళ్లలో ఆపి టీ తాగాము. అక్కడ అతను నా పుస్తకం అడిగి తీసుకుని, ఉదయం రాసిన పేజీని ఫోనులో ఫొటో తీసుకున్నాడు. ట్రాక్టరు యజమానులకు రెండు ఎర్రబిళ్లలు అతికించుకోవడానికి ఏం అడ్డమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ కోపం ఆ టీతో చల్లారలేదు, చల్లారవలసినది కూడా కాదు.

అయ్యలూరు మెట్ట దగ్గర వాన వెలిసింది. కొండల మీద మబ్బు లేచి, నల్లమల అంచు పూర్తిగా కనిపించింది. పొద్దున సగమే చూపించిన కొండను సాయంత్రం మొత్తంగా చూసి వచ్చాను. ఈ దారిన ఎవరైనా వెళ్లేవారుంటే, ఆళ్లగడ్డలో శిల్పులు రాళ్లను లారీకి ఎక్కించి కట్టే తీరు ఒక పది నిమిషాలు నిలబడి చూడమని చెబుతాను. ఎక్కడ తాడు పడాలో, ఎక్కడ పడకూడదో వారికి తెలుసు. అదే జాగ్రత్త కారులో మనుషులకు తీసుకుంటే చాలు.

మూడు నలభై ఐదుకు నంద్యాలలో మా ఇంటి ముందు ఆగాము. సుజాత కాలికి కట్టుతో, గోడ పట్టుకుని, హారతి పళ్లెంతో గుమ్మంలో నిలబడి ఉంది. కూతురి నడుము చూసి, "ఒడి యాడ?" అని కంగారు పడింది. శ్రీకాంత్ ముందు తలుపు తీసి చూపించాడు.

"ఇదేంది మామా! బియ్యానికి బెల్టు కట్టి తెచ్చినారా?"

జరిగినది చెప్పాను. సుజాత నవ్వి, శ్రీకాంత్ బెల్టు తీసి తెచ్చిచ్చిన మూటను కూతురి ఒడిలో పెట్టి, గడప దాటించింది. లోపల నుంచి సౌజన్య అత్తకు ఫోను చేస్తూ, "చేరినాం అత్తా. బియ్యం గింజ గూడ రాలలేదు" అనడం వినిపించింది.

నేను వసారాలో కూర్చుని పుస్తకం తెరిచి ఆ పేజీ పూర్తి చేశాను. బయలుదేరిన సమయం, చేరిన సమయం, శిరివెళ్ల దగ్గరి బ్రేకు, అన్నీ రాశాను. చివరి వరుస ఇది: ప్రయాణికులు ముగ్గురు, పెట్టిన బెల్టులు నాలుగు.